పింగాణీ బిళ్ళల నర్సమ్మ

పుంగనూరు నుంచి వచ్చిన ఒక తెలిసినాయన మొన్న మదనపల్లె బస్టాండులో నాతో కాఫీ తాగుతూ, మాటల మధ్యలో అన్నాడు:

"ఆ కోపిష్టి నర్సమ్మ ఉండ్లా, ఆయమ్మ పాయెనప్పా. మూణ్ణెల్లయింది."

అనేసి మళ్ళీ వేరుశనక్కాయల మాటకు వచ్చేశాడు. ఆయన ముగ్గురు పిల్లలకూ పురుడు పోసింది ఆమే. రెండోవాడు అడ్డం తిరిగితే పూటంతా పెనుగులాడి తల్లినీ బిడ్డనూ దక్కించింది. ఆయనకు మాత్రం ఆమె కోపం ఒక్కటే గుర్తుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. కాఫీ సగంలో వదిలేసి ఇంటికొచ్చాను. దారిలో ఆలోచిస్తే ఆయన మీద కోపం నిలవలేదు. ఆమెకు అంత కోపం ఎందుకుండేదో తెలిసినవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళలో నేనొకణ్ణి. ఇంతకాలం నోరు మూసుకున్నాను.

నర్సు కాబట్టి నర్సమ్మ అన్నారు. ఆమె అసలు పేరు ఇక్కడ రాయను. ఒకసారి ఆ పేరును కాగితం మీద పెట్టి చేసిన పాపం చాలు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరం కుప్పంలో ఒక కాన్పుల ఇంట్లో గుమాస్తాగా చేరాను. ఒక వర్తకుడు పోతూ పోతూ ధర్మానికి పెట్టించిన ఇల్లు అది. ఇప్పుడు లేదు. ఆయన కొడుకు దానికి ధర్మకర్త. ముందు గదిలో నా బల్ల, లోపల నాలుగు మంచాలు, వెనక దొడ్డి, దొడ్లో బావి. డాక్టరు వారానికొక రోజు రైల్లో వచ్చి సాయంకాలానికి వెళ్ళిపోయేవాడు. మిగిలిన ఆరు రోజులూ డాక్టరూ, నర్సూ, ఆయా అన్నీ ఆమే.

పొట్టి మనిషి. నలభై దాటి ఉంటాయి. చీర చీలమండల పైకి కట్టేది. ఆమె కూర్చోగా నేను చూసింది తక్కువ. మధ్యాహ్నం సంగటి ముద్ద కూడా గడపలో నిలబడే తినేది, ఒక చెవి మంచాల వైపు పెట్టి. మద్రాసులో చదువుకొని వచ్చిందని మాత్రం అందరికీ తెలుసు. పెళ్ళయిందా, పిల్లలున్నారా అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

లోపలికి ఎవరు రావాలన్నా గడప దగ్గర చేతులు చాపాలి.

"గోళ్ళు సూపించు."

అత్త అయినా, అమ్మ అయినా అంతే. గోళ్ళు పెరిగి ఉంటే అరుగు మీద కూర్చోబెట్టి తానే కత్తిరించేది. ఒక అత్తగారు "నా కొడుకు బిడ్డను నేను ముట్టుకునేదానికి నీకేందమ్మా?" అని గొడవకు దిగింది. "నీ గోర్లో ఉండే మన్ను నీ కొడుకు బిడ్డ బొడ్లోకి పోతే, ఎనిమిదో దినానికి నువ్వే గుంత తవ్వుకోవాల. కూర్చో" అంది ఈమె. అంతే, ఆ అత్తగారు కూర్చుంది.

ఒకరోజు ధర్మకర్త తన బంధువులకు ఇల్లు చూపించడానికి వస్తే, ఆయన్నూ గడప దగ్గర ఆపింది. ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. బంధువుల ఎదుట ఆయన చేతులు చాపాడు. వెళ్ళేటప్పుడు నా బల్ల దగ్గర ఆగి, "ఏమప్పా రైటరూ, ఈ ఇల్లు మా నాయన కట్టించిందా, ఆయమ్మ కట్టించిందా?" అన్నాడు. నేను ఆయన మెప్పు కోసం ఇకిలించాను. ఆ ఇకిలింపు గుర్తొస్తే ఇప్పటికీ నా ముఖం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

ఆ ఇంట్లో ఆమెను అన్నిటికంటే ఎక్కువ మండించింది బాలింతలకు నీళ్ళు పోసే చోటు. బావి పక్కన ఏటవాలుగా ఒక బండ, చుట్టూ నాలుగు గుంజలకు గోనెపట్టలు. వానొస్తే బండ మీద పాకుడు, కాళ్ళ కింద బురద. కని మూడు రోజులైన మనిషిని ఆ బండ మీద కూర్చోబెట్టి నీళ్ళు పోయాలి. దొడ్డి వెంబడి ఒక పాత గది ఖాళీగా ఉండేది. అందులో ఎప్పటిదో ఒక రాతి తొట్టి ఉంది. గోడలు మట్టివి, తేమకు పెచ్చులూడి బూజు పట్టినవి. ఆ గదిని బాగుచేయించమని ఆమె ధర్మకర్తకు నాలుగుసార్లు చెప్పింది. ఆడవాళ్ళు నీళ్ళు పోసుకునేదానికి గది ఎందుకని ఆయన నాలుగుసార్లూ అన్నాడు.

ఐదోసారి ఆమె అడగలేదు.

బంగారు గనుల దగ్గర ఒక దొర బంగళా పడగొడితే, దాని కిటికీలు, తలుపులు, ఇనుము కుప్పంలో పాత సామాన్ల వ్యాపారి ఒకాయన తెచ్చుకున్నాడు. ఆ సామాన్లలో తెల్ల పింగాణీ బిళ్ళలు రెండు పెట్టెలున్నాయి. దొర స్నానాల గది గోడలవి. వాటిని ఏం చేయాలో వ్యాపారికి తెలియలేదు. ఆయన కోడలికి ఈమె పురుడు పోసి ఉంది కాబట్టి, ఈమె అడగ్గానే ఎద్దులబండిలో వేయించి పంపాడు.

బిళ్ళలు వచ్చాయి గానీ అతికించేవాడు దొరకలేదు. పురుటి మైల ఉండే చోట పని చేయమని ఊళ్ళో మేస్త్రీలు తప్పుకున్నారు. సిమెంటు పర్మిట్టు ఉన్నవాళ్ళకే దొరికే రోజులు, అందుకని సున్నంతోనే పని. ఒక ముసలి మేస్త్రీ సాయిబు మాత్రం వచ్చాడు. ఆయన రెండు చేతులూ వణికేవి. తాపీ పట్టలేడు. "నేను కూర్చోని సెప్తా బేటీ, నువ్వు సేయి" అన్నాడు.

ఆమె తాపీ పట్టింది. అప్పటిదాకా గోడకు మేకు కూడా కొట్టి ఉండదు.

మొదటి రోజు తొట్టి చుట్టూ ఒక వరుస పెట్టింది. ముచ్చటగా ఉంది. తెల్లారి వచ్చి చూస్తే సగం బిళ్ళలు కింద పడి ఉన్నాయి. మేస్త్రీ ఒక బిళ్ళ తీసి నాలుకకు తాకించుకున్నాడు.

"దీనికి దప్పికమ్మా. ఎండు బిళ్ళ సున్నంలో నీళ్ళంతా తాగేసింది. ఇంక పట్టు యాడుంటాది? పొద్దంతా నీళ్ళల్లో నానేసి పెట్టు."

"ఈ మాట నిన్న సెప్పిండకూడదా?"

"నిన్న నువ్వు అడగలా."

ఆమె ఆయన్ను తిట్టిన తిట్లు నా బల్ల దాకా వినిపించాయి. ఆయన కిలకిల నవ్వడమూ వినిపించింది. తర్వాత తొట్టిలోనే నీళ్ళు నింపి బిళ్ళలన్నీ అందులో వేసింది.

నెలన్నర పట్టింది. మధ్యాహ్నం రెండు గంటల తీరిక దొరికితే అందులో పని. వేళ్ళకు గుడ్డ చుట్టుకొని, దాని మీద నూనె రాసుకొని సున్నం ముట్టేది. పురుడు పోసే చేతులు పగలకూడదు కదా. నొప్పులని ఎవరైనా వస్తే తాపీ అక్కడే పడేసి, మోచేతుల దాకా కడుక్కొని పరుగెత్తేది. తిరిగి వచ్చేసరికి కలిపిన సున్నం బిగుసుకుపోయి ఉండేది. మళ్ళీ కలిపేది. మూలలకు బిళ్ళ కోయడం రాక ఎన్ని పగలగొట్టిందో లెక్కలేదు. పగిలిన ముక్కల్నే మూలల్లో ఇరికించింది. నేలకు మాత్రం బిళ్ళ వేయలేదు. తడి కాలు జారుతుందని గరుకు బండలు పరిచింది.

నేనేం చేస్తూ ఉన్నాను? బల్ల దగ్గర కూర్చొని చూస్తూ ఉన్నాను. ధర్మకర్త వస్తే "మన నర్సమ్మ మేస్త్రీ అయిపోయినాదండీ" అని నవ్విస్తూ ఉన్నాను.

గది పూర్తయిన రోజు శాంతిపురం వైపు నుంచి వచ్చిన ఒక బాలింతను లోపలికి తీసుకుపోయింది. గోడలు రొమ్మెత్తు దాకా తెల్లగా మెరుస్తున్నాయి. ఆ పిల్ల గడప దాటలేదు.

"ఇంత తెల్లగుండాదే, ఈడ నేనెట్ల నీళ్ళు పోసుకునేదమ్మా?"

"నీకోసరమే పెట్టినా. కూర్చో."

ఆ మాటన్నప్పుడు ఆమె గొంతులో కోపం లేదు. నేను విన్నది ఆ ఒక్కసారే.

ఇరవై రోజులు ఆ గది బాలింతలది. తర్వాత ధర్మకర్త చూశాడు. గడపలో నిలబడి చాలాసేపు చూశాడు. బిళ్ళ మీద చెయ్యి పెట్టి నిమిరాడు. చిత్తూరు నుంచి ఒక ఆఫీసరు క్యాంపుకు వచ్చి తన ఇంట్లో దిగబోతున్నాడని, ఆయన భార్య కూడా వస్తోందని, ఆమెకు తగిన స్నానాల గది తన ఇంట్లో లేదని, ఈ గదే ఇవ్వాలని నాకు చెప్పాడు.

"వాళ్ళొచ్చి పోయేదంకా దీంట్లో ఎవురినీ రానీయొద్దు. బాగా కడిగించి తాళం ఎయ్యి."

నేను వేశాను. ఆమె ఒక కాన్పు పనిలో ఉన్నప్పుడు వేశాను, అడ్డం వస్తుందేమోనని. తాళంచెవి జుబ్బా జేబులో పెట్టుకున్నాను.

ఆఫీసరు రాలేదు. తేదీ మారిందన్నారు. పదిహేను రోజులు గడిచాయి. తుంపర వాన పట్టుకుంది. దొడ్లో బండ మీద మళ్ళీ పాకుడు మొలిచింది. ఆ రోజుల్లోనే రామకుప్పం పక్క పల్లె నుంచి ఒక అమ్మాయిని బండిలో తెచ్చారు. తొలి కాన్పు, ఆడపిల్ల. మూడో రోజు ఉదయం ఆ అమ్మాయికి నీళ్ళు పోయాలి. నర్సమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"తాళంచెవి ఇయ్యి రైటరా."

"ధర్మకర్త సెప్పకుండా నేనెట్ల ఇచ్చేదమ్మా?"

"ఆఫీసరు వచ్చిపోతే ఇస్తానంటివి. యాడ ఆఫీసరు?"

"ఈ వారంలో వస్తాడంట."

"ఆ పిల్లకు నెత్తురు సరిగా నిలవలా. ఆ బండ మీద కూర్చోబెట్టేదానికి లేదు. తియ్యి."

"ఒక్క మాట ఆయన్ను అడిగొస్తానమ్మా. పది నిమిషాలు."

"అడగబాకు. నీ జేబులోనే ఉండాది. నీ చెయ్యి దాని మీదనే ఉండాది. నాకు కనపడతాండాది."

నిజమే. నా చెయ్యి జేబులోనే ఉంది. తీయలేదు. ఉద్యోగం అన్నాను. ఇంటి దగ్గర ముసలివాళ్ళున్నారన్నాను. రేపు ఆఫీసరు భార్య వచ్చి గది మురికిగా ఉందంటే నా గతేమిటన్నాను. ఒక్కొక్క సాకుకూ ఆమె జవాబు చెబుతూ అరగంట నిలబడింది. లోపల ఆ అమ్మాయి తల్లికి తొందర. మధ్యాహ్నానికి బండి కట్టాలని, పురుటి నీళ్ళ పొద్దు దాటిపోతోందని, నర్సమ్మ వచ్చేదాకా ఎందుకని, బిడ్డను పక్కామెకిచ్చి కూతుర్ని దొడ్లోకి నడిపించుకుపోయింది.

కేక వినిపించింది. నర్సమ్మ పరుగెత్తింది. నేనూ వెనకే వెళ్ళాను. అమ్మాయి బండ పక్కన బురదలో పడి ఉంది. నెత్తురు ఆగడం లేదు. నర్సమ్మ మేస్త్రీ వదిలిపోయిన సుత్తితో ఆ గది తాళం రెండు దెబ్బల్లో పగలగొట్టి, అమ్మాయిని ఎత్తుకెళ్ళి లోపల పడుకోబెట్టింది. ఆమెకు తెలిసినవన్నీ చేసింది. ఆ రోజు డాక్టరు వచ్చే రోజు కాదు. మధ్యాహ్నం దాటాక ఆ అమ్మాయి ప్రాణం పోయింది. పందొమ్మిదేళ్ళు ఉంటాయేమో.

అప్పుడు నర్సమ్మ నీళ్ళు కాచింది. తలుపులు బార్లా తెరిచి పెట్టి, ఆ తెల్ల గోడల మధ్య శవానికి తల్లి చేత తలంటించి, తాను నీళ్ళు పోసింది. ధర్మకర్త పరుగున వచ్చేసరికి ఒళ్ళు తుడుస్తోంది. "యాడ కడుగుతాండావే పీనుగను? ఆ గదిలోకి ఇంకెవురొస్తారు?" అని ఆయన అరిచాడు. ఆమె తల కూడా ఎత్తలేదు.

"ఇప్పుడు పిల్సుకోని రాపో నీ ఆఫీసరు పెండ్లాన్ని."

రెండు రోజుల తర్వాత ధర్మకర్త నా చేత ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాయించాడు. నర్సును తీసేసే ఉత్తరం. గుమాస్తాగా కింద నేనూ సంతకం చేయాలి. ఆమెకిస్తే, చదివి వినిపించమంది. తెలుగులో చెబుతూ వచ్చాను. తాళం పగలగొట్టడం, గదిని అపవిత్రం చేయడం, ధర్మకర్తను దూషించడం. చదివి మడవబోయాను.

"ఒక వరస దాటేసినావే. నాకూ నాలుగక్షరాలు వస్తాయి. సదువు."

చదివాను. తాళంచెవి గుమాస్తా దగ్గర సిద్ధంగా ఉండగా, నర్సు అడగలేదని ఆ వరస.

"కింద సేవ్రాలు నీదే గదా?"

"ఆయన రాయమన్యాడమ్మా."

ఆమె అరవలేదు. ఎప్పుడూ అరిచే మనిషి ఆ రోజు మెల్లగా మాట్లాడింది.

"మొన్న నువ్వు తాళంచెవి ఇయ్యలా. భయం. అది నాకు అర్థమైతాది. ఇది భయం గాదు రైటరా. ఇది కుర్చీలో కూర్చోని, సిరాలో ముంచి, నిదానంగా రాసింది."

సాయంకాలం బస్సుకు పెట్టె పట్టుకొని వెళ్ళిపోయింది. ఎవరం సాగనంపలేదు. ధర్మకర్త ఆ గదిలో కట్టెలు నింపించాడు. బాలింతలు మళ్ళీ దొడ్లో బండ మీదనే. ఆ తర్వాత కూడా నేను అక్కడే సంవత్సరం పనిచేశాను. అదీ నా బతుకు.

మూడేళ్ళకు నేను మదనపల్లెలో ఒక కలప అడితీలో గుమాస్తాను. పెళ్ళయింది. నా భార్య పురిటికి పుంగనూరులో పుట్టింటికి వెళ్ళింది. నొప్పులు మొదలయ్యాయని కబురొస్తే వెళ్ళాను. వాకిట్లో అడుగు పెడుతుంటే లోపలి నుంచి ఆ గొంతు వినిపించింది.

"గోళ్ళు సూపించు."

మా అత్తగారితో అంటోంది. ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి పురుళ్ళు పోస్తోందని అప్పుడే తెలిసింది. బయటికి వచ్చి నన్ను చూసింది. గుర్తుపట్టింది. వేడినీళ్ళ చెంబు తీసుకొని లోపలికి పోయింది. రెండు గంటలకు కూతురు పుట్టింది. చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, దొడ్డి వైపు చెయ్యి చూపింది.

"తొమ్మిదో దినం నీళ్ళు పొయ్యాల. ఆడుండే బండ పనికిరాదు. నీళ్ళ తొట్టి సుట్టూ నేల, గోడ నువ్వు సెయ్యి. నీ సేత్తో సెయ్యి. మేస్త్రీని పిలిస్తే నేను ఈ ఇంటికి రాను."

మా మామగారు తలకొట్టేసినట్టు బాధపడ్డాడు. అల్లుడు దొడ్లో సున్నం పిసకడమా అని. వీధిలో వాళ్ళు గోడ మీదుగా తొంగి చూశారు. నేను గరుకైన ఎర్రమట్టి బిళ్ళలు తెప్పించి, నానబెట్టి, మోకాళ్ళ మీద కూర్చున్నాను. చూసినంత సులువు కాదు. ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. ఒకటి సరిచేస్తే పక్కది కదిలేది. సున్నానికి వేళ్ళు పగిలి, అన్నం కలుపుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఐదో రోజు ఆమె వచ్చి ఒక చెంబు నీళ్ళు పోసి చూసింది. నీళ్ళు కాలవ వైపు పోకుండా గోడ మూలకు పోయి నిలిచాయి. మడమతో తన్ని నాలుగు వరుసలు లేపేసింది.

"మళ్ళా పెట్టు."

మళ్ళీ పెట్టాను. వాలు చూసి, దారం కట్టి పెట్టాను. తొమ్మిదో రోజున ఆమె నా భార్యను చెయ్యి పట్టుకొని తెచ్చి కూర్చోబెట్టి, నిదానంగా నీళ్ళు పోసింది. బాగుందని అనలేదు. వెళ్ళబోతుంటే వాకిట్లో ఆపాను. అప్పటి సంగతి మనసులో పెట్టుకోవద్దని, తప్పు చేశానని ఏదో అన్నాను.

"నాకు యాల సెప్తావు? సచ్చింది నేను కాదు గదా. బిడ్డను పెట్టుకోని ఆ పిల్ల మొగుడు ఉండాడు. రామకుప్పానికి బస్సు ఉండాది."

ఆ మాటకు నాకు కోపమొచ్చింది, సిగ్గులేని నాకు. ఇంత చేశాను, ఇంకా ఏం కావాలి ఈమెకు అనుకున్నాను. వారం రోజులు అలాగే మండుతూ తిరిగాను. ఎనిమిదో రోజు బస్సెక్కాను.

ఆ అమ్మాయి భర్త చేలో ఉన్నాడు. అడవి పందులు తొక్కిన రాగి చేలో నిలబడి, మిగిలిన వెన్నులు కోస్తున్నాడు. గట్టు మీద చనిపోయిన అమ్మాయి తల్లి పక్కన మూడేళ్ళ పిల్ల మన్నులో ఆడుకుంటోంది. నేనెవరో చెప్పాను. ఆ గది తాళంచెవి ఆ రోజు నా జేబులో ఉందని, నర్సమ్మ అడిగిందని, నేను ఇవ్వలేదని, అడగలేదని అబద్ధం రాశానని, ఒకటీ దాచకుండా చెప్పాను. అతను కొడవలి పట్టుకొనే విన్నాడు.

"తలుపు తీసింటే బతికిండునా?"

డాక్టరును కానని తప్పించుకోవచ్చు. రాసిపెట్టిందని అనవచ్చు.

"బతికిండును" అన్నాను.

అతను పిల్ల వైపు చూశాడు.

"ఇంక పో అప్పా. ఈడ నిలబడొద్దు."

మరుసటి రోజు పుంగనూరులో ఆమె ఉండే ఇంటికి వెళ్ళాను. వాకిట్లో నిలబడి గుడ్డలు ఉడకబెడుతోంది. వెళ్ళొచ్చానని చెప్పాను.

"ఏమని అడిగినాడు?"

చెప్పాను.

"నువ్వేమన్యావు?"

అదీ చెప్పాను. ఆమె కట్టెతో గుడ్డలు కలుపుతూ ఉండిపోయింది. ముఖం అటు తిప్పుకుంది. పొగకో, దేనికో కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను ఏదో ఒక మంచిమాట కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. కాసేపటికి ఇటు తిరిగి, నేనింకా అక్కడే ఉండడం చూసి కళ్ళెర్ర చేసింది.

"నీ బిడ్డకు అమ్మవారి టీకా ఏయించినావా?"

"ఇంకా లేదమ్మా."

"మరి ఈడ నిలబడి ఏం సేస్తాండావు? పో."